పూత ఆరేదాకా

అతను ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని కింది అర ఖాళీ చేస్తున్నాడు.

కీరదోసకాయలు ఒక్కొక్కటే తీసి చెత్తబుట్టలో పడేశాడు. పెరుగు గిన్నె బోర్లించాడు. తేనె సీసా మూత బిగించి మరీ పారేశాడు. గుడ్ల అట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి పిల్లనో ఎత్తుకున్నవాడిలా ఎటూ తోచక కూర్చున్నాడు.

“గుడ్లు పాప బడికి తీసుకెళ్ళేవి” అంది కొత్త కోడలు పొయ్యి దగ్గర నుంచి.

అతను అట్ట మళ్ళీ లోపల పెట్టి తలుపు మూశాడు. పైఅరలో ఉన్న ఓట్స్ డబ్బా జోలికి పోలేదు. ముఖానికి రాసుకునే పూతలో అది కూడా పడుతుందని అతనికి తెలీదు.

“ఈ ఇంట్లో ఇంకోసారి ఎవరూ ముఖానికి ఏదీ పూసుకోకూడదు” అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి చేతులు కడుక్కున్నాడు, సబ్బు రాసుకుని, గోళ్ళ సందులు కూడా.

కొత్త కోడలికి భయమేసింది. అతను అరిచే మనిషి కాదు. వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగం అతనిది. చిన్న సుత్తితో స్తంభాలు తట్టుకుంటూ పోతాడు, చప్పుడు విని లోపల ఎక్కడ బోలుగా ఉందో చెప్పేస్తాడు. ఇంట్లోనూ అంతే, వింటాడే తప్ప మాట్లాడడు. అలాంటివాడు పొద్దున్నే లేచి కూరగాయల మీద పడ్డాడంటే మామూలు సంగతి కాదు.

ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏళ్ళు గడిచినా 'కొత్త' అన్న మాట మాత్రం పోలేదు. మొదటి కోడలు నదిలో పడి పోయిందన్నారు. పాప అప్పటికి పలక పట్టే వయసు. చాలాకాలం తర్వాత అతను ఈమెని చేసుకున్నాడు. అప్పటినుంచి పక్కింటివాళ్ళకీ, పాలవాడికీ, అత్తగారికీ ఈమె కొత్త కోడలే. తను కూడా ఫోనెత్తి “నేనే, కొత్త కోడల్ని” అనడం అలవాటు చేసుకుంది.

పూత గొడవ సరదాగా మొదలైంది. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా ఏసీ గాలికి ఆమె ముఖం పొలుసులు లేస్తోంటే పాప చూసి, వాళ్ళమ్మ వంటింట్లోనే ఏదో కలిపి రాసుకునేదని చెప్పింది. పిల్ల తనంతట తను తల్లి మాట ఎత్తడం అదే మొదటిసారి. ఆ మాట కోసమైనా కాదనకూడదని కొత్త కోడలు గిన్నె తీసింది. ఇద్దరూ నవ్వుకుంటూ కలిపారు.

ఆ తెల్లటి ముఖంతో ఆమె అత్తగారి గది ముందు నుంచి వెళ్ళింది. మంచం మీద నుంచి ఆవిడ పిలిచింది.

“పిచ్చుకా, వచ్చావా?”

పిచ్చుక అంటే మొదటి కోడలు. అత్తగారు పెట్టుకున్న ముద్దుపేరే.

అత్తగారికి మతిమరుపు పట్టి ఏడాది పైనే అయింది. ఈమధ్య తిండి కూడా మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది. ఆ రోజు మాత్రం తెల్లముఖం చేతి నుంచి గిన్నెడు జావ తాగింది. మర్నాడు కొత్త కోడలు మామూలు ముఖంతో వెళ్తే ఎవరో బయటి మనిషిని చూసినట్టు చూసి గోడవైపు తిరిగింది. పూత రాసుకుని వెళ్తే తిన్నది. ఆ వారమంతా అలాగే నడిచింది. నిన్న సాయంత్రం అతను చూశాడు.

ఇప్పుడు అతనే జావగిన్నె పట్టుకుని తల్లి గదిలోకి వెళ్ళాడు. కొత్త కోడలు గుమ్మం దగ్గర ఆగింది.

ఆవిడ కొడుకుని మర్యాదగా పలకరించింది. ఎండలో పడి వచ్చారు, కూర్చోండి అంది. చెంచా చూసి తల అడ్డంగా ఊపింది. తన కోడలు వచ్చాక తింటానంది.

“అమ్మా, ఆమె లేదు. పోయింది. నీకు తెలుసు కదా” అన్నాడతను.

ఆవిడ అతన్ని కాసేపు తేరిపార చూసింది. తర్వాత నవ్వింది. పిల్లల దగ్గర మిఠాయి దాచినవాళ్ళు నవ్వే నవ్వు.

“నీకు అలాగే చెప్పాలిలే” అంది.

అతని చేతిలో చెంచా గిన్నె అంచుకి కొట్టుకుని టకటకలాడింది. గిన్నె బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాడు. పోయిన మనిషి పేరెత్తితే ఇంకా ఇలా అయిపోతున్నాడే అని కొత్త కోడలికి జాలేసింది. ఆ జాలిలో చిన్న ముల్లు కూడా ఉంది. తన పేరు చెబితే ఆ చెయ్యి అలా వణుకుతుందా అని.

పాప బడికి తయారై వచ్చింది. పదో తరగతికొచ్చింది, తండ్రి భుజం దాటి పెరిగింది, అయినా ఇంట్లో పాపే. చెత్తబుట్టలోకి తొంగిచూసి విషయం గ్రహించింది. నానమ్మ తినకపోతే ఎవరిది పూచీ అని తండ్రిని నిలదీసింది. అతను డాక్టరుతో మాట్లాడతానన్నాడు. డాక్టరు ముఖానికి పూసుకుంటాడా అని ఆ పిల్ల అంది. ఇంకో రోజైతే అతను నవ్వేవాడే. నానమ్మకి లేనిపోని ఆశలు పెట్టొద్దని, చచ్చిపోయినవాళ్ళ వేషం వెయ్యడం తప్పని ఎటో చూస్తూ చెప్పాడు.

“పిన్ని వేషం వెయ్యలేదు. ముఖానికి రాసుకుంది, అంతే. అమ్మ అనుకున్నది నానమ్మే” అంది పాప.

అతను సుత్తి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పాప కూడా బూట్లు నేలకేసి కొడుతూ వెళ్ళింది.

ఇల్లు చల్లబడినట్టయింది. కొత్త కోడలు దుకాణానికి ఫోన్ చేసి ఇవాళ రావడం కుదరదని చెప్పింది. పొద్దెక్కేకొద్దీ రకరకాలుగా ప్రయత్నించింది. పాలు, రొట్టెముక్క, పండు గుజ్జు. అత్తగారు పెదాలు విప్పలేదు. నీళ్ళు మాత్రం తడి గుడ్డలోంచి పీల్చింది. చేతులు పట్టుకుంటే ఎముకలు గుప్పెట్లో పుల్లల్లా తగిలాయి. ఇలాగే ఇంకెంత కాలమో కొత్త కోడలికి తెలుస్తూనే ఉంది.

భోజనాల వేళ దాటాక వీధి తలుపు చప్పుడైంది. పాప. తలనొప్పని చెప్పి బడి నుంచి వచ్చేసింది. సంచి విప్పి పుస్తకాల మధ్య నుంచి కీరదోసకాయలు తీసి బల్ల మీద పెట్టింది. చిన్న తేనె సీసా కూడా.

“నాన్న సాయంత్రం దాకా రాడు. రాసుకో పిన్నీ. తిన్నాక కడిగేద్దాం.”

వద్దనాలని కొత్త కోడలు నోరు తెరిచింది. లోపలి గదిలో ముసలి దగ్గు వినిపించింది. నోరు మూసుకుని కత్తిపీట అందుకుంది.

తొక్క తియ్యకుండా దోసకాయ తురిమింది పాప. ఆ తురుము పలచటి గుడ్డలో వేసి పిండితే లేతాకుపచ్చ నీళ్ళు గిన్నెలోకి కారాయి. వంటిల్లంతా పచ్చివాసన, వాన పడబోయే ముందు తోటలో వచ్చే వాసనలాంటిది. ఓట్స్ మిక్సీలో పొడి చేశారు. గుడ్డు పగలగొట్టి, పచ్చసొన పెంకులోనే ఇటూ అటూ మార్చి, తెల్లసొన ఒక్కటే గిన్నెలోకి జార్చింది కొత్త కోడలు. నురగ వచ్చేదాకా గిలక్కొట్టింది. తేనె, దోసనీళ్ళు, పొడి కలిపాక చెంచా నిలబడేటంత చిక్కగా అయింది.

పాప తేనె చెంచా నాకింది.

“అమ్మ కూడా చెంచా నాకే ఇచ్చేది” అంది. “ఆఖరి వారమంతా రోజూ రాసుకుంది. నేను బడి నుంచి వచ్చేసరికి తెల్లగా కూర్చుని ఉండేది. ముఖం కదిపితే పగులుతుందని నవ్వేది కాదు. నేను ఎంత కితకితలు పెట్టినా నవ్వేది కాదు.”

“రోజూనా?”

“రోజూ. అంత అందంగా ఎందుకు తయారవుతోందా అనుకునేదాన్ని.”

రోజూ ఎవరూ రాసుకోరు. తెల్లసొన రోజూ రాస్తే చర్మం లాగేసి మంటెత్తుతుంది. కొత్త కోడలికి ఆ సంగతి ఈ వారంలో బాగానే తెలిసొచ్చింది. అయినా పైకి ఏమీ అనలేదు. ఆ పిల్ల దగ్గర తల్లివి మిగిలినవే అలాంటి నాలుగు ముక్కలు.

కుంచెతో పాపే రాసింది. నుదురు, బుగ్గలు, గడ్డం. పెదాలూ కళ్ళూ వదిలేసి మిగతాదంతా మందంగా. చల్లగా ఉంది. చల్లదనం పోయి బిగువు మొదలయ్యేదాకా ఇద్దరూ ఆగారు. ఇక మాట్లాడకూడదు. మాట్లాడితే పూత విరుగుతుంది, గొంతు పోల్చుకుని అత్తగారు తినడం మానేస్తుంది.

జావగిన్నె తీసుకుని కొత్త కోడలు గదిలోకి వెళ్ళింది. మిక్సీ గిన్నె కడగడానికి పాప వంటింట్లో ఉండిపోయింది.

“తలుపు వేసేయ్. కర్టెన్ కూడా” అంది అత్తగారు.

కొడుకు వెళ్ళినప్పటి నుంచి కళ్ళు తెరవని మనిషి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో, మంచం కింది పెట్టె లాగి తెరిచి పెట్టింది. ఒళ్ళో ఆకుపచ్చ శాలువా. దాన్ని కోడలి తలమీదుగా కప్పి, చుబుకం కింద పిన్నీసు పెట్టినంత జాగ్రత్తగా సర్దింది. పాతబట్ట వాసన ముక్కుకి తగిలింది. వేరే ఎవరిదో తల వాసన.

ఆవిడ చెంచా తర్వాత చెంచా తాగింది. మధ్యలో ఒకసారి కూడా చూపు తిప్పుకోలేదు. గిన్నె ఖాళీ అయ్యాక మూతి తుడిపించుకుంది. తర్వాత చెయ్యి చాపి బొటనవేలు కోడలి ఎడమ కంటి కింద ఆనించింది. ఈ వారంలో రోజూ అక్కడే తడిమేది. ఇవాళ నెమ్మదిగా నొక్కింది.

“ఇంకా నొప్పిగా ఉందా?”

కొత్త కోడలు కదల్లేదు. ఆమె రోజూ మనుషుల ముఖాల మీద కళ్ళజోళ్ళు సరిచేస్తుంది. ఆ ఎముక ఆమెకి బాగా తెలుసు. కళ్ళజోడు అంచు సరిగ్గా అక్కడికే దిగుతుంది. అక్కడ దెబ్బ తగిలితే కన్ను కూడా మూసుకుపోతుంది, నల్లగా కమిలి బుగ్గ మీదికి జారుతుంది. వారం దాకా పోదు.

వారం దాకా.

ఆ పూత దేనికోసమో అప్పుడు అర్థమైంది. బడి నుంచి వచ్చే పిల్లకి కనబడకుండా.

“నీళ్ళు పెట్టుకున్నావు కళ్ళల్లో. వద్దు. పూత కరిగిపోతుంది” అంది అత్తగారు. “గరిటె చేతిలో ఉంది కాబట్టి గరిటెతో కొట్టాను. ఇంకేముంటే దాంతో కొట్టేదాన్ని. నాకు అంత కోపమొచ్చింది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. పిల్లని తీసుకుపోతావట. వాడు రాకపోయినా పోతావట. నా ఎదురుగా నిలబడి చెప్పావు, కూర ఉడికిందన్నంత తేలిగ్గా.”

వంటింట్లో కుళాయి పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగకూడదని కొత్త కోడలు మనసులో వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంది.

అత్తగారు చెప్పుకుపోతోంది, ఎదురుగా ఉన్న మనిషికి తెలిసిన సంగతే మళ్ళీ గుర్తుచేస్తున్నట్టు. కొడుకు అప్పుడు దూరంగా ఎక్కడో వంతెన పని మీద ఉన్నాడు. వాడొచ్చేలోగా కోడలు బట్టలు సర్దుకుంటోందని తెలిసింది. పాప బడికి వెళ్ళిన సమయం చూసి, పెరటి తలుపులోంచి ఆమెని బయటికి నెట్టి గడియ పెట్టేసింది. ఆమె చాలాసేపు తలుపు కొట్టింది. బతిమాలింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది.

“వాడు నీకోసం వెతుకుతాడు కదా. వెతికి తెస్తాడు కదా. నువ్వు నీ ముఖం వాడికి చూపిస్తావు కదా. అందుకని నీ చెప్పులు పట్టుకెళ్ళి వంతెన మీద పెట్టొచ్చాను. రెండూ పక్కపక్కనే, ఇంటి ముందు విప్పినట్టు. నదిలో దూకావని అందరూ అనుకున్నారు. పడవలేసుకుని వెతికారు. నేనూ ఒడ్డున నిలబడి ఏడ్చాను. దొంగ ఏడుపు కాదే. నిజంగానే ఏడ్చాను.”

బొటనవేలు మళ్ళీ కంటి కింద ఆనింది. దాని కొనకి తెల్లటి పొడి అంటుకుంది.

“నువ్వు తిరిగొస్తావని రోజూ పెరటి తలుపు చూసేదాన్ని. నా మీద కోపమే అనుకో, పిల్ల కోసమైనా వస్తావనుకున్నాను. కన్నతల్లివి. ఎందుకు రాలేదే ఇన్నాళ్ళూ?”

కొత్త కోడలు ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టింది.

ఆవిడకి అలసటొచ్చింది. కోడలి వేళ్ళు తన వేళ్ళల్లో ఇరికించుకుని, అలాగే కళ్ళు మూసింది. కాసేపటికి ఊపిరి బరువుగా, సమంగా పడింది.

గదిలో వెలుతురు సన్నగిల్లింది. కర్టెన్ అంచున ఒక్క గీత మాత్రం మిగిలింది. ఎదురుగా బీరువా అద్దంలో శాలువా కప్పుకున్న తెల్లముఖం ఒకటి తనవైపే చూస్తోంది. కొత్త కోడలు తల కాస్త పక్కకి తిప్పింది. అద్దంలోది కూడా తిప్పింది, తను తిప్పాక ఒక్క క్షణం ఆగి తిప్పినట్టు అనిపించింది. ఆ తర్వాత ఆమె అద్దంవైపు చూడలేదు.

లేచి వెళ్ళి ముఖం కడుక్కోవాలి. కానీ చెయ్యి లాగితే ఆవిడ లేస్తుంది. పూత పూర్తిగా ఆరి పలకలా బిగిసింది. చెంపలు, గడ్డం తనవి కానట్టున్నాయి.

మొదటి కోడలు బతికే ఉందన్నమాట. ఎక్కడో ఒక ఊళ్ళో, ఒక గదిలో, వండుకుంటూ, ఉద్యోగానికి వెళ్తూ. మరి ఆమె బతికుంటే తనెవరు? ఈ ఇంట్లో తన మంచం, తన కంచం, తన 'కొత్త' అన్న పేరు, ఇవన్నీ దేని మీద నిలబడ్డాయి?

తర్వాత అతని మీదికి మళ్ళింది ఆలోచన. పాపం, ఆయనకేమీ తెలీదు. బతికున్న పెళ్ళానికి ఇన్నేళ్ళు ఏడ్చాడు. పొద్దున చెంచా వణికింది అందుకే. సాయంత్రం ఎలా చెప్పాలో ఆమె మాటలు పేర్చుకోసాగింది. ముందు కూర్చోబెట్టాలి. మంచినీళ్ళివ్వాలి. 'అత్తయ్యగారు ఒక మాట అన్నారు' అని మొదలుపెట్టాలి. తల్లిని కొట్టడానికి పోతాడేమో. తర్వాత తనని వదిలి ఆమె కోసం వెళ్తాడేమో. వెళ్తే వెళ్ళనీ. పాపకి తల్లి దొరుకుతుంది.

ఆ ఆఖరి మాట దగ్గర ఆమె మనసు ఆగింది. మూడుసార్లు అదే మాట అనుకుంది, నిజంగానే అనుకుంటోందా లేదా అని చూసుకోవడానికి.

వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు ఆమెకి వినబడలేదు. వసారాలో సుత్తి సంచి దింపిన చప్పుడు వినబడింది.

అతను త్వరగా వచ్చేశాడు. తల్లి తిన్నదో లేదో చూడ్డానికి తిన్నగా ఈ గదికే వచ్చాడు. తలుపు నెమ్మదిగా తోశాడు.

మంచం పక్కన కుర్చీలో ఆకుపచ్చ శాలువా. దాని కింద తెల్లటి ముఖం. తల్లి చెయ్యి ఆ చేతిలో.

అతను కేక పెట్టలేదు. వెనక్కి తగ్గలేదు. లోపలికి వచ్చి, తల్లి లేవకుండా తలుపు నెమ్మదిగా చేరవేశాడు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఒంట్లో ఉన్న నెత్తురంతా ఎవరో పిండేసినట్టున్నాడు.

“ఎప్పుడొచ్చావు?” అన్నాడు.

దుకాణం నుంచి ఎప్పుడొచ్చావని అడుగుతున్నాడేమో అనుకుంది కొత్త కోడలు. తర్వాత అతని కళ్ళు చూసింది. ఆ కళ్ళు తనతో మాట్లాడడం లేదు.

చచ్చిపోయినవాళ్ళు కనబడితే మనిషి అరుస్తాడు, పడిపోతాడు, దేవుణ్ణి తల్చుకుంటాడు. ఎప్పుడొచ్చావని అడగడు. అలా అడిగేది ఊరి నుంచి వచ్చినవాళ్ళని.

ఆమె పెదాలు విప్పబోయింది. పూత ముఖాన్ని పట్టేసింది.

అతను అలాగే గోడ వెంబడి జారి నేలమీద కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి కాకుండా శాలువా కుచ్చుల్లోకి చూస్తూ మాట్లాడాడు. తక్కువ గొంతుతో, ఎన్నోసార్లు లోపల చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా.

“నువ్వు ఆ చెప్పులు ఎప్పుడో వాడడం మానేశావు. అమ్మకి తెలీదు. నేను చూడగానే గుర్తుపట్టాను, నువ్వు చావలేదని. అందుకే వెతుక్కుంటూ నీ దగ్గరికి వచ్చాను.”

కొత్త కోడలు ముసలావిడ గుప్పెట్లోంచి వేళ్ళు లాక్కోబోయి ఆగింది.

“నీ కన్ను చూశాను. నువ్వు కేసు పెడతానన్నావు. పాపని తెచ్చుకుంటానన్నావు. ఒకపక్క అమ్మ, ఒకపక్క పిల్ల. ఇద్దర్నీ పోగొట్టుకోలేకపోయాను. అందుకే ఆ మాట అన్నాను. పాపకి జ్వరం రాలేదు, ఆసుపత్రికి వెళ్ళలేదు, అంతా అబద్ధం. పాప లేదంటే నువ్వింక ఈ ఊరివైపు చూడవనుకున్నాను. నువ్వు నేలమీద పడి ఏడుస్తోంటే చూశాను. అయినా లేచి వచ్చేశాను.”

అతను తలెత్తాడు.

“ఎవరు చెప్పారు నీకు? పాప బతికే ఉందని ఎవరు చెప్పారు?”

కొత్త కోడలి నోటి పక్కన పూత పటుక్కున చిట్లింది. చిన్న పెచ్చు ఊడి శాలువా మీద పడింది. ఆ సందులోంచి ఆమె సొంత రంగు బయటపడింది.

“ఆగండి” అంది.

ఆ గొంతు విని అతను ఉలిక్కిపడ్డాడు. ఒకటి రెండు క్షణాలు ఏమీ అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక లేవబోయి, లేవలేక, అరచేతులు నేలకి ఆనించి ఉండిపోయాడు.

మంచం మీద నుంచి తల్లి అతన్నే చూస్తోంది. ఎప్పుడు మెలకువొచ్చిందో. కళ్ళల్లో మసక లేదు. ఏడాదిగా ఎవరూ వినని తేట గొంతుతో మాట్లాడింది.

“నువ్వు కూడానారా?”

అతను తల్లివైపు తిరిగాడు. తిరిగినవాడు అక్కడితో ఆగలేదు. అతని చూపు తల్లిని దాటి, కుర్చీని దాటి, తలుపు దాకా పోయింది. చేరవేసిన తలుపు మళ్ళీ తెరిచి ఉంది.

గుమ్మంలో పాప. పూత తుడవడానికి తెచ్చిన గోరువెచ్చని నీళ్ళగిన్నె, భుజం మీద మెత్తటి గుడ్డ. వంటింట్లో కుళాయి చప్పుడు ఎప్పుడు ఆగిందో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

ఆ పిల్ల గిన్నె ఒలక్కుండా నేలమీద పెట్టింది. నిటారుగా నిలబడి తండ్రిని చూసింది. ఏడవలేదు.

“అయితే అమ్మకి నేను చచ్చిపోయానా నాన్నా?” అని అడిగింది.